పెట్టెకు పొడవాటి చెయ్యి: ట్రాలీ హ్యాండిల్ పుట్టుక, ప్రమాదాలు, దిద్దుబాట్లు

ప్రయాణ సామాను చరిత్ర – ధారావాహిక

ట్రాలీ పెట్టె హ్యాండిల్లో ఉండేవి రెండు జతల గొట్టాలు, ఒక పిడి, పిడి మీద ఒక మీట, కంటికి కనపడని కొన్ని స్ప్రింగులు. లాగితే పైకి వచ్చి నిలబడాలి, మీట నొక్కితే లోపలికి దిగాలి. ఇంతే దాని పని. అయినా చక్రాల తర్వాత పెట్టెలో తొందరగా పాడయ్యేది ఇదే. వేళ్ళు నలిపేది, మణికట్టు మెలిపెట్టేది, మెట్ల మీద చేతిలోంచి జారి కింద మనిషి మీద పడేలా చేసేది కూడా ఇదే. ఈ హ్యాండిల్‌ను విమాన పైలట్ ఒకరు తమ వాళ్ళ కోసం తయారుచేశారు. అది నడవాల్సిన నేల విమానాశ్రయపు నున్నటి నేల. ఇప్పుడది ఆమదాలవలస లాంటి స్టేషన్లలో ప్లాట్‌ఫాం మీద, వంతెన మెట్ల మీద, ఆటో వెనక సీటు సందులో బతుకుతోంది. దాని భద్రత గురించి చెప్పుకోవలసినదంతా ఈ రెండు నేలల మధ్య తేడాలోనే ఉంది.

శ్రీకాకుళం పట్టణం వాళ్ళు రైలెక్కాలంటే ఆమదాలవలస రావాలి. స్టేషన్ బోర్డు మీద పేరు శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఊరు మాత్రం ఆమదాలవలస. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893, 1896 సంవత్సరాల మధ్య వేసిన దారి ఇది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. నేటి హౌరా–చెన్నై ప్రధాన మార్గం ఇదే.

ఉత్తరాంధ్రకు ఈ దారి వలస దారి కూడా. రైలు రాకముందూ, వచ్చాక చాలాకాలమూ కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి కూలీలు ఓడలెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళేవారు. రైలు వచ్చాక ఖరగ్‌పూర్ రైల్వే పనికీ కలకత్తాకూ దారి తెరుచుకుంది. ఖరగ్‌పూర్‌లో ఈనాటికీ కనిపించే పెద్ద తెలుగు సమాజం ఆ ప్రయాణాల ఫలమే. తర్వాతి తరాలు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు భవన నిర్మాణ పనులకూ, గుజరాత్ తీరంలోని వెరావల్ చేపల పడవలకూ వెళ్ళాయి. ఇప్పుడు వాటికి ఇంజనీరింగ్ చదువులూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలూ, గల్ఫ్ వీసాలూ తోడయ్యాయి. ఇన్ని రకాల ప్రయాణాలకూ సామాను ఎక్కిన ప్లాట్‌ఫాం ఒకటే. అందుకే సామాను పట్టుకునే పిడి ఎలా మారిందో చూడడానికి ఇది సరైన చోటు.

మొదట వచ్చింది ఇనప రేకు ట్రంకు పెట్టె. దానికి రెండు పక్కలా రెండు కడియాలుండేవి. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకునేవారు, లేదా ఒకరు నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని ఎత్తుకునేవారు. కడియం విరిగితే కమ్మరి దగ్గరకు వెళ్ళేది. కదిలే భాగం అదొక్కటే కాబట్టి ప్రమాదం బరువు వల్లనే తప్ప పిడి వల్ల ఉండేది కాదు. ఆ బరువు మోసినవారు స్టేషన్ కూలీలు. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ కట్టుకుని వాళ్ళు దశాబ్దాల పాటు మెడ మీదా వెన్ను మీదా మోసిన భారాన్ని లెక్కలోకి తీసుకోకుండా సామాను చరిత్ర రాయడం అన్యాయం. చక్రం వచ్చి ప్రయాణికుడి నడుము కాపాడింది. అదే చక్రం కూలీల సంపాదన తగ్గించింది. 2008లో రైల్వే శాఖ కూలీలను గ్యాంగ్‌మన్లుగా తీసుకోవడానికి ముందుకొచ్చింది. 2016 రైల్వే బడ్జెట్‌లో వాళ్ళకు ‘సహాయక్’ అని కొత్త పేరు ప్రకటించింది. ఆ పేరు బరువును ఏమీ తగ్గించలేదు.

1970ల నుంచి వీఐపీ పేరుతో గట్టి ప్లాస్టిక్ సూట్‌కేసులు మన పెళ్ళిళ్ళలోకీ, రైళ్ళలోకీ వచ్చాయి. పైన ఒకే పిడి, రెండు తాళాలు, చక్రం లేదు. బరువంతా ఒక చేతి వేళ్ళ మీద. పెట్టె నిండితే మనిషి ఒక పక్కకు ఒరిగి నడవాల్సిందే. సరిగ్గా అప్పుడే అమెరికాలో సూట్‌కేసుకు చక్రం తగిలింది.

మసాచుసెట్స్‌లోని ఒక సామాను కంపెనీ ఉపాధ్యక్షుడు బెర్నార్డ్ శాడో 1970లో అరూబా దీవి నుంచి కుటుంబంతో తిరిగి వస్తున్నారు. రెండు బరువైన సూట్‌కేసులు ఈడ్చలేక తంటాలు పడుతుండగా, ఒక కార్మికుడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలక మీద పెట్టి సునాయాసంగా తోసుకుపోవడం చూశారు. ఇంటికొచ్చి సూట్‌కేసు అడుగున నాలుగు చక్రాలు బిగించి, ముందు ఒక పట్టీ కట్టి లాగారు. 1972లో పేటెంటు వచ్చింది. దుకాణాలు మొదట్లో వద్దన్నాయి. మగవాళ్ళు పెట్టె మోయడమే మర్యాద అనుకుంటారనీ, చక్రాల పెట్టె కొనరనీ వాళ్ళ అంచనా. చివరకు న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం అమ్మకానికి పెట్టింది. శాడో పెట్టెకున్న లోపం పట్టీయే. మెత్తని పట్టీకి లాగడమొక్కటే తెలుసు, అది ఆపలేదు, మలుపు తిప్పలేదు. వాలు మీద పెట్టె మనిషి మడమలకు తగిలేది, మలుపులో పక్కకు పడిపోయేది. గట్టి పిడి కావాలని అందరికీ తెలిసినా, పొడవాటి పిడిని విమానం డిక్కీలో ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

దానికి జవాబు చెప్పినవారు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్ రాబర్ట్ ప్లాత్. ఆయన 1987లో తన ఇంటి షెడ్డులో పెట్టెను నిలువుగా నిలబెట్టి, అడుగున రెండు చక్రాలు పెట్టి, వెనక వైపు లోపలికి దిగిపోయే గట్టి పిడి అమర్చారు. పెట్టెను వెనక్కి వాల్చి లాగితే చక్రాలు దొర్లుతాయి, నిలబెడితే కదలదు. మొదట తోటి పైలట్లకూ, విమాన సిబ్బందికీ అమ్మారు. వాళ్ళు విమానాశ్రయాల్లో చకచకా నడిచిపోతుంటే చూసిన ప్రయాణికులు తమకూ కావాలన్నారు. ఆయన పెట్టిన కంపెనీ పేరు ట్రావెల్‌ప్రో. 1991లో ఆ నమూనాకు పేటెంటు దక్కింది. మన దేశంలో ఆర్థిక సరళీకరణ మొదలైన సంవత్సరం కూడా అదే. 1990ల మధ్యలో శాంసొనైట్ భారత్‌కు వచ్చింది. వీఐపీ, సఫారీ కూడా ట్రాలీ పెట్టెలు చేయడం మొదలెట్టాయి. మరో దశాబ్దానికి ఊరి సంతల్లోనూ, స్టేషన్ ముందు దుకాణాల్లోనూ పేరు లేని ట్రాలీ బ్యాగులు వేలాడడం మొదలైంది. ప్లాత్ పిడి చవకై అందరికీ అందింది. చవక చేసే క్రమంలో అది ఏం పోగొట్టుకుందో తెలియాలంటే ముందు దాని లోపలికి చూడాలి.

పెట్టె లోపలి గుడ్డ జిప్పు విప్పితే వీపు పొడవునా రెండు వెడల్పు గొట్టాలు కనిపిస్తాయి. వాటి అడుగు చక్రాల దిమ్మకు, పైభాగం ప్లాస్టిక్ గిన్నెకు మరమేకులతోనో రివెట్లతోనో బిగించి ఉంటాయి. ఒక్కో వెడల్పు గొట్టంలో ఒక సన్నని గొట్టం, కొన్నిటిలో దానిలోపల మరింత సన్నని గొట్టం జారుతూ ఉంటాయి. లోపలి గొట్టం చివర ఒక ప్లాస్టిక్ దిమ్మ, అందులో స్ప్రింగు, స్ప్రింగు నెట్టే చిన్న చీల ఉంటాయి. బయటి గొట్టంలో తగిన ఎత్తులో రంధ్రం ఉంటుంది. పిడి లాగుతున్నప్పుడు రంధ్రం ఎదురవగానే చీల ‘టక్’మని అందులో పడుతుంది. పిడి మీద మీట నొక్కితే గొట్టం లోపలి పొడవాటి కడ్డీ కిందికి దిగి చీలను వెనక్కి లాగుతుంది, పిడి మళ్ళీ జారుతుంది. రెండు గొట్టాలకు రెండు చీలలు. రెండూ ఒకేసారి పడాలి, ఒకేసారి విడవాలి. చాలా ప్రమాదాలకు మూలం ఈ ‘ఒకేసారి’ జరగకపోవడమే.

ఒక పక్క చీల పడి, రెండో పక్క పడకపోతే పిడి నిలబడినట్టే ఉంటుంది. మనిషి దాని మీద చేయి ఆనించినా, చిన్న సంచి వేలాడదీసినా ఆ ఒక్క చీల మీదే బరువంతా పడుతుంది. ప్లాస్టిక్ దిమ్మ అరిగినదైతే చీల ఊడి పిడి ఒక్కసారిగా దిగిపోతుంది. చేతి వేళ్ళు పిడికీ గిన్నెకూ మధ్య ఉంటే నలుగుతాయి. వయసు పైబడినవాళ్ళు చాలామంది నిలబడ్డ ట్రాలీ పెట్టెను ఊతకర్రలా వాడతారు. వాళ్ళకు ప్రమాదం పడిపోవడం. దీనికి మంచి తయారీదారులు ఎంచుకున్న దారి రెండు చీలలనూ పిడి లోపల అడ్డంగా ఉన్న ఒకే పలకకు కట్టడం. పలక పూర్తిగా పైకి రాకపోతే మీట కూడా పైకి రాదు. లోపలికి దిగబడి ఉన్న మీటను చేయి వెంటనే పసిగడుతుంది. కళ్ళతో చూడాల్సిన పని ఉండదు.

మీట ఎక్కడ ఉండాలన్నది ఇంకో ప్రశ్న. పిడి పై అంచులో ఉబ్బెత్తుగా ఉంటే, తోస్తూ నడిచేటప్పుడు అరచెయ్యి తగిలి దానంతటదే నొక్కుకుపోతుంది. అందుకే మీటను పిడి ఉపరితలం కన్నా కాస్త లోతుగా, బొటనవేలు కావాలని వెతికి నొక్కితేనే పనిచేసేలా పెట్టాలి. అలాగని మరీ గట్టిదైతే కీళ్ళనొప్పులున్నవాళ్ళు నొక్కలేరు. వాళ్ళు రెండో చేత్తో పిడిని కిందికి గుద్దుతారు. అప్పుడే వేళ్ళు మధ్యలో పడతాయి.

పిడి బిగుసుకుపోవడానికి కారణం ఇంకొకటి. పాత టేబుల్ సొరుగును ఒక మూల పట్టి లాగితే వంకరగా ఇరుక్కున్నట్టే, పిడిని ఒక పక్క నొక్కితే రెండు గొట్టాలూ సమంగా జారవు. లోపలి గొట్టం బయటి గొట్టంలో ఎంత పొడవు మిగిలి ఉందన్నది ఇక్కడ కీలకం. పిడి పూర్తిగా పైకి లాగినప్పుడు లోపల మిగిలేది కొద్ది పొడవు. రెండు పక్కల గొట్టాల మధ్య దూరం దానికన్నా చాలా ఎక్కువ. కాబట్టి కొంచెం పక్క బలానికే అది వంకర తిరిగి పట్టేస్తుంది. దీన్ని తప్పించడానికే లోపలి, బయటి గొట్టాల మధ్య కాస్త వదులు కావాలని ఉంచుతారు. కొత్త పెట్టె హ్యాండిల్ కొద్దిగా ఊగితే అది లోపం కాదు. పట్టేసిన పిడిని వంగి బలంగా లాగినప్పుడు అది ఒక్కసారిగా వదిలి గడ్డానికో పంటికో తగలడం మాత్రం లోపమే. గొట్టాల చివర నైలాన్ తొడుగులు, చివరి అంగుళంలో వేగం తగ్గించే రబ్బరు ఆపులు దీనికి మందు. ఇవి ఖర్చుతో కూడినవి కావు. అయినా చవక పెట్టెల్లో ముందుగా ఎగిరిపోయేవి ఇవే.

వేళ్ళ సంగతి దగ్గరికొస్తే, సామాను తయారీదారులు నేర్చుకోవాల్సిన పాఠం పిల్లల వస్తువుల నుంచి వచ్చింది. 2009 నవంబరులో మెక్‌లారెన్ కంపెనీ అమెరికాలో సుమారు 10 లక్షల పిల్లల తోపుడు బండ్లను దిద్దుబాటుకు వెనక్కి పిలిచింది. మడతపెట్టే కీలులో వేళ్ళు పడి 12 మంది పిల్లల వేలి కొనలు తెగిపోయాయి. కంపెనీ కీళ్ళ మీద తొడగడానికి గుడ్డ కవర్లు పంపింది. ట్రాలీ పిడికీ దాని గిన్నెకూ మధ్య జరిగేది ఇదే రకం కదలిక. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో కదిలే సందులకు ఒక సూత్రం ఉంది. 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరే సందు అయితే అందులో 12 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి. అంటే సందు వేలు దూరనంత ఇరుకుగానైనా ఉండాలి, వేలు నలగనంత వెడల్పుగానైనా ఉండాలి. ఆ రెండింటి మధ్య కొలత ఉండకూడదు. మన దేశంలో బొమ్మలకు ఐఎస్ 9873 ప్రమాణాలు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. ట్రాలీ పెట్టె బొమ్మ కాదు. కానీ ప్లాట్‌ఫాం మీద రైలు కోసం ఎదురుచూసే పిల్లలకు దానికన్నా దగ్గరి బొమ్మ లేదు. పిడిని లాగడం, గుద్దడం, మళ్ళీ లాగడం ప్రతి పిల్లాడూ చేసే పనే. కాబట్టి ఆ సూత్రాన్ని పిడికి కూడా వర్తింపజేయడం న్యాయం. పిడి పూర్తిగా దిగాక గిన్నెతో కలిసి సందు లేకుండా మూసుకోవాలి. లేదా చేతివేళ్ళు పట్టేంత లోతైన గుంట దాని కింద ఉండాలి.

పిల్లల కోసమే చేసిన పెట్టెల్లో ఒకటి ఈ చిక్కును మొదట్లోనే తీసేసింది. 2006లో బ్రిటన్‌లో రాబ్ లా తెచ్చిన ‘ట్రంకీ’ మీద పిల్లలు గుర్రంలా కూర్చోవచ్చు. దానికి దిగిపోయే పిడి లేదు, లాగడానికి మెత్తని పట్టీ మాత్రమే ఉంది. పెద్దవాళ్ళ పెట్టెకు పనికిరాదని వదిలేసిన శాడో పట్టీ పిల్లల పెట్టెకు అన్నిటికన్నా క్షేమమైనదైంది. మడతపడేది ఏదీ లేకపోతే నలిగేదీ ఏదీ ఉండదు.

ఇక ఆమదాలవలస ప్లాట్‌ఫాం దగ్గరికి. ఇక్కడ చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. బోగీ మెట్లు ఎత్తు, తలుపు ఇరుకు, వెనక జనం. ఆ తొందరలో ఎక్కువమంది చేసే పని ఒకటే: లాగిన పిడిని దించకుండా, దాన్నే పట్టి పెట్టెను పైకెత్తడం. దీనివల్ల ఏం జరుగుతుందో లెక్క చూస్తే అర్థమవుతుంది. 20 కిలోల పెట్టెను వాల్చి లాగుతున్నప్పుడు చక్రాల నుంచి చేతి దాకా ఉన్న పొడవులో మూడో వంతు దూరంలో పెట్టె బరువు కేంద్రం ఉంటే, చేతి మీదా పిడి మీదా పడేది 6, 7 కిలోలు మాత్రమే. మిగతాది చక్రాలు మోస్తాయి. పిడి పట్టుకుని గాల్లోకి ఎత్తితే 20 కిలోలూ పిడి మీదే. కుదుపుతో ఎత్తితే అది ఆ క్షణంలో రెట్టింపు కావచ్చు. ఆ భారమంతా రెండు చిన్న చీలల మీద, వాటి చుట్టూ ఉన్న పలచని అల్యూమినియం రంధ్రం అంచు మీద పడుతుంది. మెట్టుకు తగిలి పెట్టె పక్కకు ఊగితే గొట్టం వంగుతుంది. వంగిన గొట్టం మళ్ళీ సరిగా దిగదు. బలంగా దించబోతే వేళ్ళు నలుగుతాయి. ఎత్తుతుండగా పిడి ఊడిపోతే కింద మెట్టు మీద ఉన్నవాళ్ళకు దెబ్బ తగులుతుంది. వంతెన మెట్ల మీదా ఇదే కథ.

పైలట్లకు ఈ సమస్య లేదు. వాళ్ళ పెట్టె చిన్నది. మన దేశంలో విమానం లోపలికి తీసుకెళ్ళే సంచికి సాధారణంగా 7 కిలోల పరిమితి. రైల్లో స్లీపర్ ప్రయాణికుడు 40 కిలోల దాకా ఉచితంగా తీసుకెళ్ళవచ్చు. 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాకా పెట్టెను బోగీలోకి అనుమతిస్తారు. చిన్న పెట్టె కోసం పుట్టిన పిడి రూపాన్నే కాస్త పెద్దది చేసి నలభై కిలోల పెట్టెకూ తగిలించడమే అసలు తప్పు. పెద్ద పెట్టెకు పక్కన ఒకటి, అడుగున ఒకటి, పైన ఒకటి గట్టి స్థిరమైన పిడులు ఉండాలి, అవి చేతికి సులువుగా అందాలి. లాగే పిడి గొట్టం చక్రాల దిమ్మ దాకా వెళ్ళి లోహపు పలకకు బిగిసి ఉండాలి. ప్లాస్టిక్ గిన్నెకు రెండు మేకులు కొట్టి వదిలేస్తే చాలదు. బిగింపు మరమేకులు విప్పి మళ్ళీ వేయగలిగేలా ఉంటే ఊళ్ళో బ్యాగులు బాగుచేసేవాళ్ళు కూడా పిడి మార్చగలరు. రివెట్లతో మూసేస్తే విరిగిన పిడితోనే ఇంకొన్నేళ్ళు ప్రయాణం సాగుతుంది.

వాల్చి లాగే రెండు చక్రాల పెట్టె వేగంగా నడిచినప్పుడు ఎడమకూ కుడికీ ఊగుతూ చివరకు తిరగబడడం అందరికీ తెలిసినదే. పారిస్ భౌతిక శాస్త్రవేత్తలు 2017లో దీన్ని లెక్కగట్టి రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఊగడం మొదలైతే ఒక్కసారిగా ఆగడం కన్నా పిడిని నేల వైపు మరింత వాల్చడమో, ఇంకాస్త వేగంగా నడవడమో మేలని వాళ్ళు తేల్చారు. జనం మధ్య ప్లాట్‌ఫాం మీద వేగం పెంచడం కుదరదు. అందువల్ల పిడిని వాల్చడమే మిగిలిన దారి. పిడికి రెండు మూడు ఎత్తుల్లో ఆపులు ఉండడం పొట్టివాళ్ళకూ పొడుగువాళ్ళకూ మాత్రమే కాదు, ఇలా వాల్చడానికీ పనికొస్తుంది. తర్వాత వచ్చిన నాలుగు చక్రాల పెట్టె ఊగదు. కానీ పట్టాల వైపు వాలున్న ప్లాట్‌ఫాం మీద చెయ్యి వదిలితే దానంతటదే అటు దొర్లుతుంది. దానికి చక్రాల తాళం కావాలి. అది లేని పెట్టెను నిలబెట్టకుండా పక్కకు వాల్చి పడుకోబెట్టడం క్షేమం.

కొనేవాళ్ళు దుకాణంలోనే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. పిడిని చివరి దాకా లాగి, మీట ముట్టుకోకుండా రెండు చేతులతో కిందికి నొక్కాలి. అది ఏ మాత్రం దిగినా ఆ పెట్టె వద్దు. ఒక చేత్తో ఒక పక్క మాత్రమే నొక్కి దించి చూడాలి. పట్టేస్తే వద్దు. పిడి పూర్తిగా దిగాక దాని కింద సందులోకి చిటికెనవేలు కొన దూరి ఇరుక్కునేలా ఉంటే పిల్లలున్న ఇంటికి అది తగదు. లోపలి జిప్పు విప్పి గొట్టం చివర ఏమి బిగించారో చూడాలి. రైలు వచ్చే ముందే పిడి దించి, పెట్టెను పక్క పిడితో ఎత్తాలి. బెర్తు కింద గొలుసు వేసేటప్పుడు దాన్ని లాగే పిడికి కాకుండా స్థిరమైన పిడికి వేయాలి. తయారీదారులు మన రైల్వే మెట్లనూ, మన బరువులనూ కొలతగా పెట్టుకుని పిడిని మళ్ళీ గీయాలి. అప్పటిదాకా ఈ జాగ్రత్తలు ప్రయాణికులే పడాలి.